నూకాలు కాలు మోపే ముందు

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర డాక్టర్లు ముగ్గురు ఆమధ్య మా ఇంటికొచ్చి, "మేడం, బరువులు మోసేవాళ్ళ నడుం నొప్పుల గురించి మీకు బాగా తెలుసంటారు, ఏమైనా చెప్పండి" అన్నారు. ముందు నాకు అనుమానమే వచ్చింది. ఈ రోజుల్లో రిటైరైన డాక్టర్ని పనిగట్టుకుని ఎవరు అడుగుతారు? వీళ్ళ వెనక ఏ నడుం బెల్టుల కంపెనీయో ఉండి ఉంటుందనుకున్నాను. లేదని తేలాకే కాఫీ ఇచ్చాను. ఆ రోజు వాళ్ళకి చెప్పినవీ, మొహమాటపడి చెప్పనివీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాది రామచంద్రపురంలో చిన్న ఆసుపత్రి. నేను చదివింది ప్రసూతి వైద్యం. బోర్డు మీద ఉన్నదీ అదే. కానీ తొంభైల్లో నా వరండాలోకి మీరొచ్చి ఉంటే, నిండు చూలాళ్ళ పక్కన గోడకి వీపులు ఆనించి నిలబడ్డ మగవాళ్ళు కనిపించేవారు. వాళ్ళంతా రైసుమిల్లుల్లో బస్తాలు మోసే కూలీలు. మా వీధి దాటితే వరసగా మిల్లులే. ఎముకల డాక్టరు కావాలంటే కాకినాడ పోవాలి.

వాళ్ళని నాకు అంటగట్టింది సుబ్బరాజు గారనే మిల్లు యజమాని. ఒకరోజు అరటిగెల పట్టించుకుని వచ్చి కూర్చున్నారు. "మా కూలీలని మీరు చూడాలండి. సగం మంది నడుం నొప్పని పడుకుంటన్నారు. అందులో ఏది నిజమో ఏది నాటకమో మాకు తెలీటం లేదు."

"నేను కాన్పుల డాక్టర్నండీ" అన్నాను.

"అందుకేనండి మీ దగ్గరకొచ్చింది. పురిటినొప్పులు చూసిన కళ్ళకి దొంగ నొప్పి ఇట్టే తెలిసిపోద్ది."

ఈయనకి కావలసింది డాక్టరు కాదు, దొంగల్ని పట్టే మనిషి అని నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఒప్పుకున్నాను. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కూరలవాడి తక్కెడ కూడా రెండు వైపులా చూసిగాని కొనను. ఆ గుణం ఎక్కడో ఒకచోట పనికొస్తుందిలే అనుకున్నాను.

బస్తా సంగతి

మీరు ఈ పనిలోకి వస్తుంటే మొట్టమొదట ఒక పూట మిల్లుకి వెళ్ళి నిలబడండి. పుస్తకం తర్వాత చదవచ్చు.

నేను వెళ్ళాను. ఇద్దరు మనుషులు కొక్కేలతో బస్తాని అటూ ఇటూ పట్టి లేపుతారు. మూడోవాడు దాని కిందికి వంగి దూరతాడు. క్వింటా బరువు మెడకీ నడుముకీ మధ్య పడుతుంది. వాడు అలాగే చెక్క మీదుగా లారీలోకి ఎక్కుతాడు, లేదా నెట్టు మీదికి, అంటే వరసలుగా పేర్చిన బస్తాల గుట్ట మీదికి. కానీ ఎక్కేటప్పుడు వాడు తూలలేదు. పైకెళ్ళాక బస్తాని విసిరి వేయడానికి ఒక్కసారి నడుం మెలితిప్పాడు చూశారూ, అక్కడ ఉంది అసలు ప్రమాదం. నా దగ్గరకొచ్చిన నడుముల్లో ఎక్కువ భాగం మోసేటప్పుడు పోయినవి కావు, దించేటప్పుడు పోయినవే. "బరువు మోస్తావా?" అని అడిగి వదిలేయకండి. ఎలా దించుతావో చేసి చూపించమనండి.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలొచ్చినప్పుడల్లా సుబ్బరాజు గారికి ఇంకో అనుమానం వచ్చేది. "ఈ నడుం నొప్పులు సరిగ్గా దాళ్వా కోతలప్పుడే వస్తాయేంటండి? మిగతా రోజుల్లో రావేం?"

"ధాన్యం బస్తాలు మీ మిల్లుకి వచ్చేది కూడా అప్పుడే కదండీ" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తేలు

దొంగ నొప్పులు లేవా అంటే ఉన్నాయి. వీర్రాజు సంగతి చెప్పాలి.

వీర్రాజు పొడగరి, నోరు పెద్దది. నవ్వినా ఏడ్చినా వీధి చివరికి వినపడాలి. ఒక ఆషాఢంలో ఇద్దరు మనుషుల భుజాల మీద వేలాడుతూ వచ్చాడు. "సచ్చిపోతన్నానండి బాబోయ్! నడుం ఇరిగిపోయిందండి డాక్టరమ్మగారోయ్!" అని ఒకటే గోల. లోపల నొప్పులు పడుతున్న మనిషి కూడా కేకలు ఆపి, ఎవరని అడిగింది. పెద్దాపురంలో మరిడమ్మ జాతర జరుగుతోందనీ, ఇతని అత్తారిది పెద్దాపురమేననీ నాకు తెలుసు.

నేను మెల్లగా అన్నాను. "కదలకు వీర్రాజూ. నీ కాలి దగ్గర తేలు."

ఒక్క గెంతులో బెంచీ ఎక్కాడు. వరండా అంతా ఘొల్లుమంది. ఒక నిండు చూలాలు కడుపు పట్టుకుని నవ్వింది.

"జాతరకెళ్తానని అడిగితే సరిపోయేది కదయ్యా" అన్నాను.

"అడిగితే అప్పారావు పంపడండి" అన్నాడు, బెంచీ మీంచే.

అప్పారావు వాళ్ళ మేస్త్రి. ఒక్కొక్క మిల్లుకి ఒక్కొక్క ముఠా ఉంటుంది. ఆ మిల్లులో బస్తా ముట్టుకునే హక్కు ఆ ముఠా మనుషులకే. అందులో చోటు దొరకడం కష్టం, పోతే తిరిగి రావడం ఇంకా కష్టం. ఒకడు పడుకుంటే వాడి బస్తాలు మిగతావాళ్ళ వీపుల మీద పడతాయి. అందుకని యజమాని కంటే ముఠాకే అనుమానం ఎక్కువ. నిజంగా పట్టేసిందా, మా చేత మోయిస్తున్నాడా అని తోటివాళ్ళే కాపలా కాస్తారు. తేలు కథ ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. అప్పారావు మా గేటు దగ్గరే వీర్రాజుని నిలదీశాడు. "ఇంకోసారి నడుం అన్నావంటే నీ చోటు ఇంకోడికి ఇచ్చేత్తాను. మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

ఇది శాస్త్రీయమైన పరీక్ష కాదు, మీరు చేయకండి. నిజంగా నడుం పట్టేసినవాడు కూడా తేలంటే గెంతవచ్చు. ఆ రోజు నా అదృష్టం బాగుంది, అంతే. ఎక్స్‌రేని కూడా అలాగే నమ్మకండి. చూడగానే దడ పుట్టించే ఎక్స్‌రేతో రోజూ బస్తాలు మోసినవాళ్ళని చూశాను. ఎక్స్‌రేలో ఏమీ లేకుండా మంచం దిగలేనివాళ్ళనీ చూశాను. కాకినాడ స్కానింగ్ సెంటరు తాలూకు మనిషి పండగ పేరు చెప్పి స్వీట్లు తెచ్చిస్తే, స్వీట్లు వరండాలో పంచేశాం. స్కానింగులు మాత్రం అవసరమైతేనే రాశాను.

ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఒకటుంది. లేని నొప్పిని ఉందన్నవాళ్ళు తక్కువ. ఉన్న నొప్పిని లేదన్నవాళ్ళు, కొంచెమే అన్నవాళ్ళు చాలా ఎక్కువ. సుబ్బరాజు గారు నన్ను కాపలా పెట్టిన గుమ్మం ఒకటైతే, అసలు దొంగలు దూరే గుమ్మం ఇంకొకటి.

వెనక వరండా

కొన్నాళ్ళకి ఒక విషయం కనిపెట్టాను. కూలీలు నా గదిలోంచి బయటకొచ్చాక గేటు వైపు వెళ్ళడం లేదు. ఆసుపత్రి పక్క సందులోంచి వెనక్కి వెళ్తున్నారు. కాసేపటికి నడుం నిమురుకుంటూ, మొహం వెలిగిపోతూ వస్తున్నారు.

వెనక ఉండేది మా ఆయా నూకాలు. నలభై దాటిన మనిషి, గట్టి పిండం. నాకు వచ్చే శాంపిలు మాత్రలు ఇది అమ్ముకుంటోందని నిశ్చయించుకున్నాను. ఒక మధ్యాహ్నం చెప్పులు విప్పేసి చప్పుడు కాకుండా వెళ్ళాను.

బట్టలుతికే రాయి పక్కన గోనె పరిచి ఉంది. దాని మీద ఒక కూలీ బోర్లా పడుకున్నాడు. నూకాలు ఒక చెయ్యి గోడకి ఆనించి, ఎడమకాలు వాడి నడుం మీద మోపి నిలబడి ఉంది.

"ఏంటే ఇది?"

కాలు తీయలేదు. "ఒక్క నిమిషం అండి. మజ్జిలో ఆపకూడదండి."

నూకాలు ఎదురుకాళ్ళతో పుట్టిందట. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు నమ్మకం. ఎదురుకాళ్ళ కాన్పు అంటే నాకు చెమటలు పట్టేవి. నూకాలుకేమో అది పదవి అయి కూర్చుంది.

"మరి నేనిచ్చే మందులేం చేస్తున్నారు?" అని అరిచాను.

"అవీ ఏసుకుంటన్నారండి. మీ మందు కడుపులోకి, నా కాలు నడుం మీదకి. దేని దారి దానిదేనండి."

ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నా వైద్యం వల్లే తగ్గిందనుకున్న నడుములన్నీ గుర్తొచ్చాయి. తర్వాత కోపం తగ్గాక ఆలోచిస్తే, నాదీ కాదు, నూకాలుదీ కాదు. మామూలుగా పట్టేసిన నడుం కొద్ది వారాల్లో తనంతట తనే సర్దుకుంటుంది. ఆ సమయంలో మాత్ర వేస్తే మాత్రకి పేరొస్తుంది, తొక్కితే కాలికి పేరొస్తుంది, బెల్టు కడితే బెల్టుకి. మీ మందు పనిచేసిందని మీకు గట్టిగా అనిపించినప్పుడల్లా కొంచెం అనుమానపడండి.

నా భయం వేరు. వెయ్యిమందిలో ఎవడో ఒకడికి వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జారి, కాళ్ళకీ మూత్రానికీ వెళ్ళే నరాల కట్టని నొక్కేస్తుంది. వాడిని గంటల లెక్కన ఆపరేషన్‌కి పంపాలి. అలాంటివాడి మీద ఈ మనిషి కాలు పెట్టిందంటే ఇంక వాడి బతుకు మంచం మీదే.

మాన్పిద్దామంటే నూకాలు ఇంటి దగ్గర తొక్కుతుంది. అక్కడ నా కళ్ళు కూడా ఉండవు. అందుకని అబద్ధం ఆడాను. నాది కోనసీమ, మా నాన్నగారు బడిపంతులు. కోనసీమ పంతుళ్ళ ఇళ్ళలో ఇలాంటివన్నీ తెలుస్తాయని నూకాలు నమ్మకం.

"మా నాయనమ్మ చెప్పేదే నూకాలూ. తొక్కించుకునేవాడు ముందు నిజం చెప్పాలిట. రెండు కాళ్ళూ లాగుతున్నాయా, కూర్చునే చోట తిమ్మిరెక్కిందా, ఒంటేలు సాఫీగా వస్తోందా, ఇవన్నీ. వాడు అబద్ధం చెప్పాడనుకో, వాడి నొప్పి తొక్కినవాళ్ళకి ఎక్కేస్తుందిట."

నూకాలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! ముందే చెప్పరేంటండి? ఇన్నాళ్ళూ ఎంతమందిది ఎక్కించుకున్నానో!"

"వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా కాలు పెట్టకు. నన్ను పిలువు."

మర్నాటి నుంచి వెనక వరండా పోలీసు స్టేషనైంది. "సరిగ్గా చెప్పు. నా మొకం చూసి చెప్పు. నీ పిల్లల మీద ఒట్టెయ్" అని నూకాలు గొంతు నా గదిలోకి వినపడేది. నా కంటే పెద్ద అనుమానపు మనిషిని తయారు చేశాను.

ఆ దాళ్వా

కొన్నేళ్ళు గడిచాయి. ఒక దాళ్వా కోతలకి అకాల వర్షాలు పడి ధాన్యం తడిసింది. తడిసిన బస్తా బరువు మోసినవాడికే తెలుస్తుంది. ఆ రోజుల్లో ఒక ఉదయం వీర్రాజు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, నడిచే వచ్చాడు.

"కొంచెం పట్టిందండి. ఓ సూది పొడిచెయ్యండి, పన్లోకి ఎల్లాలి" అన్నాడు మెల్లగా.

ఆ మెల్లగా అనడమే నాకు నచ్చలేదు. దొంగ నొప్పికి వీధంతా లేపిన మనిషి, ఇప్పుడు గుసగుసలాడుతున్నాడేంటి? లోపలికొచ్చేటప్పుడు తలుపు చెక్క పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టి కుడికాలు ఎత్తాను. మొహం నల్లబడింది, నోట మాట లేదు. ఎడమకాలు ఎత్తినా అంతే.

"ఒంటేలు సాఫీగా వస్తోందా?"

ఫ్యాను వంక చూశాడు. "ఆయ్. బానే వత్తందండి."

"ఎప్పుడు వెళ్ళావు?"

"ఇందాకేనండి."

నమ్మలేదు. కూర్చునే చోట స్పర్శ ఉందో లేదో గుండుసూదితో గుచ్చి చూడాలి. కాంపౌండర్ని పిలుద్దామని అనుకుంటుండగానే కాన్పు గదిలోంచి నర్సు కేక వేసింది, బిడ్డ తల కనిపిస్తోందని. "ఇక్కణ్ణించి కదిలావంటే ఊరుకోను" అని వీర్రాజుకి చెప్పి పరిగెత్తాను.

ఆడపిల్ల పుట్టింది. అది ఏడుపు అందుకునేలోపే వెనక వరండాలోంచి ఇంకో కేక వినపడింది. నూకాలుది. చేతులు కడుక్కోకుండానే వెళ్ళాను.

వీర్రాజు గోనె మీద బోర్లా ఉన్నాడు. నూకాలు గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది. "నేను కాలెట్టనండి! సచ్చినా ఎట్టను! ఈడు నిన్న సాయంత్రం నించి ఒంటేలుకి ఎల్లలేదంటండి. పీట మీద కూర్చుంటే పీట ఉన్నట్టే తెలీటం లేదంటండి!"

"నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

గోనెలోకి మొహం దాచుకునే మాట్లాడాడు. "మీరు ఆడవాళ్ళు కదండీ... ఎలా చెప్పనండి. అదీగాక నడుం పోయిందని తెలిస్తే అప్పారావు నా చోటు తీసేత్తాడండి."

"నూకాలూ ఆడమనిషే కదా!"

"నూకాలక్కకి నా నొప్పి ఎక్కుద్దని బయమేసిందండి."

నేను కల్పించిన అబద్ధం తన పని తాను చేసింది. ఆనందించే తీరిక లేదు. నలుగురి చేత ఎత్తించి లోపల పడుకోబెట్టి, గొట్టం పెట్టి మూత్రం తీశాను. గుండుసూది గుచ్చినా అతనికి తెలియలేదు. సుబ్బరాజు గారికి ఫోన్ చేసి, కాకినాడ తీసుకెళ్ళాలి, కారు పంపమన్నాను.

"ఎవరు, వీర్రాజా? తేలంటే గెంతినవాడే కదండీ?" అని నవ్వారు. "మీకు మా వాళ్ళ మీద జాలి ఎక్కువైపోయిందండి."

"ఇవాళ నిజంగా తేలొచ్చినా వాడు గెంతలేడండి. కారు పంపుతారా, లేకపోతే రేపటి నుంచి వాడి మంచం మీ మిల్లు గేటు ముందు వేయించమంటారా?"

నిజమా, బెదిరింపా అని ఆయన తూచుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. కారు మాత్రం వచ్చింది. వెనక సీట్లో వీర్రాజుని పడుకోబెట్టి నేనూ ఎక్కాను. కారుతోబాటు వచ్చిన అప్పారావు ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ రోజే ఆపరేషన్ జరిగింది.

ఎత్తలేడా, ఎత్తడా

కాళ్ళకి సత్తువ మెల్లమెల్లగా వచ్చింది. మూత్రం దారిన పడటానికి వారాలు పట్టింది. ఎడమపాదం కొంచెం ఈడ్చడం మాత్రం ఉండిపోయింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఈ మాత్రం కూడా ఉండేది కాదు.

ఇంక బస్తా ఎత్తడానికి వీల్లేదని నేను చెప్పాక అప్పారావు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నిజంగానే ఎత్తలేడాండి? లేకపోతే..."

అన్నీ కళ్ళతో చూసినవాడికి కూడా ఆ 'లేకపోతే' పోలేదు! తిట్టబోయి ఆగాను. ఆ మనిషిని తప్పుపట్టడానికి లేదు. ఒకడి బరువు ఇంకొకడి వీపు మీద పడే చోట అనుమానం పుట్టక ఏం పుడుతుంది?

"ఎత్తలేడు. ఎప్పటికీ ఎత్తకూడదు."

చాలాసేపు తలగుడ్డ చేతిలో నలిపాడు. "దబ్బనం పడతాడాండి?"

నింపిన బస్తాల మూతులు పురికొసతో కుట్టడం కూడా ముఠా పనే. నిలబడి, వంగకుండా చేయవచ్చు. పట్టవచ్చన్నాను. ముఠా వాళ్ళు గొణిగారు, కానీ అప్పారావు మాట నెగ్గింది. వీర్రాజు చోటు ఉండిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక యాభై కిలోల బస్తాలు వచ్చాయి. సుబ్బరాజు గారు తానే కనిపెట్టినట్టు చెప్పుకున్నారు. "ఇంక నడుం నొప్పి అన్న మాటే వినపడదండి" అన్నారు. నేను నమ్మలేదు, వెళ్ళి చూశాను. తొందరగా లారీ నింపాలని ఒక్కొక్కడు రెండేసి బస్తాలు వేసుకుని ఎక్కుతున్నాడు. బస్తా మారినంత మాత్రాన బరువు తగ్గిందని అనుకోకండి.

నూకాలుకి కూడా చివరికి నడుం నొప్పి వచ్చింది. ఏళ్ళ తరబడి నీళ్ళ బకెట్లు మోసింది మరి. అప్పుడు నిజం చెప్పేశాను. "ఆ నొప్పి ఎక్కడం అంతా నేను కల్పించిందే నూకాలూ."

"ఊరుకోండి. నన్ను ఓదార్చడానికి చెప్తన్నారు" అంది. "ఎవడో అబద్దం ఆడాడండి. ఎవడో కూడా నాకు తెలుసు." తొక్కడం మానేసింది.

ఆ తర్వాత ఒకరోజు వరండా నిండా గర్భిణీలు కూర్చుని ఉన్నారు. వీర్రాజు పాదం ఈడ్చుకుంటూ, ముఠాలో కొత్తగా చేరిన మనిషిని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఏం లేదండి, కొంచెం పట్టింది" అన్నాడు కొత్తవాడు.

వీర్రాజు వాడి వైపు తిరిగాడు. "నీ కొంచెం నాకాడ కాదు. ఒంటేలు వత్తందా, లేదా?"

"మెల్లగా బావా, ఆడోళ్ళున్నారు."

"ఉంటే ఏంట్రా?" జాతర నాటి గొంతు మళ్ళీ లేచింది, వీధి చివరికి వినపడేలా. "నాకు రాలేదు! డాక్టరమ్మగారు గొట్టం ఎట్టి తీశారు. నూకాలక్క నా చేత నిజం కక్కించింది. కాబట్టే ఈ కాళ్ళ మీద నిలబడి అడుగుతన్నాను. చెప్పు!"

ఎవరూ నవ్వలేదు. బెంచీ చివర ఉన్నామె, "చెప్పు తమ్ముడూ, సిగ్గేంటి?" అంది.

"వత్తందండి" అన్నాడు వాడు తలొంచుకుని.

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టాను. అలవాటు కదా, మళ్ళీ అదే అడిగాను. "బయట అందరి ముందూ చెప్పాను కదండీ!" అన్నాడు వాడు విసుగ్గా.

తలుపు అవతల నుంచి వీర్రాజు కేక వేశాడు. "నమ్మకండి డాక్టరమ్మగారూ! గుండుసూది గుచ్చి చూడండి!"

గుచ్చి చూశాను.